ఉమ్మడం తెలిసిన మనిషి

ఆయన ఉమ్మితే ముందు శబ్దం వినబడేది. నాలుక కొసన మొదలై పెదవుల దగ్గర టక్కున తెగిపోయే పొట్టి శబ్దం. "థూ." ఆ శబ్దమే ఆయనకు పేరైంది. గూడెంలో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆయన థూ తాత. అసలు పేరు నాకు తెలుసు, ఓటరు కార్డుకు జిరాక్సు తీసింది నేనే. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయన పలకడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఇక్కడ రాయడం లేదు.

పోయిన నెల ఆయన చనిపోయాడు. దినానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి నా నోట్లో ఒక పాడు రుచి ఉండిపోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించాను, లవంగం నమిలాను, పోలేదు. రాస్తే పోతుందేమో అని రాస్తున్నాను.

దమ్మపేట బస్టాండు పక్కన నాది జిరాక్సు షాపు. పదో తరగతి తప్పినవాణ్ని. ఆ తర్వాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం షట్టరు సగం దించి అక్కడికి పోతాను. తెలుగు బీరువాలు మూడూ అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు బీరువా తెరిచాను. ఈ మండలంలో నా అంత చదివినవాడు లేడని నేననుకునేవాణ్ని. నా దగ్గర ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించుకునే పంతుళ్లు కూడా ఆ మాటే అనేవారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తాత విషయంలో నేను చేసిన తప్పు ఈ చదువు దగ్గరే మొదలైంది.

తాతది అడవి వైపు కోయగూడెం. దమ్మపేట నుంచి ఆటోలో అరగంట. దారి పొడవునా పామాయిల్ తోటలు. అవి అయిపోయాక ఒక వాగు వస్తుంది. వాగు దాటగానే ఎండ తగ్గి ఒళ్లు చల్లబడుతుంది. ఆ తడి లోయలో జీలుగు చెట్లు ఉంటాయి. చేప తోకల్లాంటి ఆకులు, విరబోసుకున్న జుట్టులా వేలాడే గెలలు. గెల కొస కోసి కింద లొట్టి కడితే తెల్లారేసరికి కల్లు నిండుతుంది. లొట్టి అంటే మా వైపు కల్లు కుండ.

గూడెంలో పెళ్లయినా దినమైనా ఇంటికొక లొట్టి వస్తుంది. అన్నీ ఇప్పచెట్టు కింద వరసగా పెడతారు. తాత రుచి చూసేదాకా ఎవరూ ముట్టరు. ఆయన ఆకు దొప్పలో కొంచెం ఒంపించుకుని, పెద్దలకని నాలుగు చుక్కలు నేల మీద వదిలి, ఒక గుక్క నోట్లో పట్టేవాడు. కళ్లు సగం మూసేవాడు. దవడ మెల్లగా కదిలేది. దూరంగా ఎవరో మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వినే మనిషిలా ఉండేది ఆ ముఖం. మింగితే ఆ లొట్టి పంపకానికి పోయేది. ఉమ్మితే కంచె పక్కన ఒంపేసేవాళ్లు. లొట్టి తెచ్చినవాడు నొచ్చుకునేవాడు కాదు. ఏం తప్పయిందో అడిగి తెలుసుకునేవాడు.

"నీళ్లు కలిసినయిరా."

"అది రాత్రి వానకు పడ్డయి తాతా."

"పడ్డయో పోసినవో నాకెందుకు? కలిసినయి."

ఒక లొట్టి మీద ఆయన మాట ఒకటే, అది దాటి ఇంకో మాట లేదు. బయటి నుంచి మత్తుపొడి కలిపిన కల్లు క్యాన్లలో వచ్చి చుట్టుపక్కల ఊళ్లను మత్తులో ముంచుతున్న రోజుల్లో కూడా ఆ గూడెంలోకి ఒక్క క్యాను దిగలేదంటే ఆ ఉమ్ము వల్లే.

ఆయన ముఖంలో అసహ్యం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ముక్కు పక్కన రెండు ముడతలు, కింది పెదవి కొంచెం ముందుకు. మా బస్టాండు టీ ఒక గుక్క తాగి, సరిగ్గా నా షాపు మెట్టు పక్కన ఉమ్మేవాడు.

"దీంట్ల టీ ఏడున్నది పిలగా? మాడు గిన్నె ఉన్నది, పాలపొడి ఉన్నది. వాడు గిన్నె తోమి ఎన్ని దినాలైందో అడుగు."

"అందరూ తాగుతున్నరు గద తాతా."

"మింగుడు కోడిక్కూడ వస్తది. ఉమ్ముడే నేర్వాలె."

ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నేను ప్రతిసారీ నవ్వాను.

ఆయన భార్యను నేను అవ్వా అనేవాణ్ని. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. నేను ఎప్పుడు వెళ్లినా వాగు దగ్గర ఇసుకతో లొట్లు తోముతూనో, తోమినవాటిని పొగ మీద బోర్లిస్తూనో కనిపించేది. లొట్టిలోకి ముక్కు పెట్టి వాసన చూసి, నచ్చకపోతే మళ్లీ వాగులోకి దిగేది.

ఇంగ్లీషు బీరువాలో నాకొక లావు పుస్తకం దొరికింది. ప్రపంచంలోని పానీయాల గురించి. ఎవరో ఇచ్చి పోయారు, అట్ట లేదు. అందులో షార్డొనే అనే తెల్లద్రాక్ష గురించి, దాంతో చేసే వైను గురించి ఒక అధ్యాయం ఉంది. దాన్ని నేను నాలుగు మధ్యాహ్నాలు చదివి, నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. ఆ ద్రాక్షకు సొంత రుచి తక్కువట. ఏ నేలలో పెరిగితే ఆ నేల రుచి, ఎవరి చేతిలో పడితే ఆ చేతి రుచి. ఎండ దేశంలో పండితే అనాసపండు, వెన్న. చలి దేశంలో పండితే పచ్చి ఆపిల్, నిమ్మ, తడిసిన రాయి. ఫ్రాన్సులో షాబ్లీ అనే చలి ప్రాంతం ఉంది. అక్కడి నేల సుద్దరాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట, ఇప్పటికీ తవ్వితే ఆల్చిప్పలు బయటపడతాయి. వసంతంలో మంచు పడి మొగ్గ మాడిపోతుందని రైతులు తెల్లవారకముందే లేచి తీగల మధ్య చిన్న చిన్న మంటలు పెడతారట.

ఇదంతా తాతకు చదివి వినిపించాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"చలికి మాడుద్దా మొగ్గ?"

"అవ్ తాతా. మంచు కప్పుద్ది."

"మంట పెట్టి కాపాడుకుంటరు." చుట్ట నుసి రాల్చాడు. "మంచోళ్లే. రాయి రుచి వస్తదంటే నేను నమ్ముత. మా వాగు ఒడ్డు చెట్టు కల్లు వేరు, గట్టు మీది చెట్టు కల్లు వేరు. గట్టుది నాలుకను గీకుద్ది. రంగెట్లుంటదట?"

నోటుబుక్కు చూశాను. "లేత గడ్డి రంగు. అంచుల ఆకుపచ్చ మెరుపు."

"ఒక్క గుక్క దొరుకుతదా పిలగా?"

ఆయన ఏదైనా అడగడం నేను అప్పటిదాకా వినలేదు. తెస్తానని మాట ఇచ్చాను.

పాల్వంచలో కంపెనీ కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరుకు మా దగ్గర పామాయిల్ తోట ఉంది. ఆదివారాలు కారులో వచ్చి, పట్టా కాగితాల జిరాక్సులకని నా షాపులో కూర్చునేవాడు. నా చదువును మెచ్చుకునేవాడు. "నువ్వుండాల్సిన చోటు ఇది కాదయ్యా" అనేవాడు. ఆ మాట కోసం ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన ఆ ఫిబ్రవరిలో విదేశాల టూరుకు వెళ్లొచ్చాడు. షార్డొనే గురించి అడిగితే తొడ చరిచి నవ్వాడు.

"నా దగ్గరుంది! షాబ్లీదే! మా ఆవిడకు తెలిస్తే పూజగదిలోంచి బయటికి రాదని కారు డిక్కీలో దాచా."

ఫిబ్రవరిలో డిక్కీలో పెట్టిన సీసా. మేము గూడేనికి పోయింది మే చివరి ఆదివారం. ఈ రెండు మాటల మధ్య మా ఖమ్మం ఎండాకాలం మొత్తం ఉందని నాకు ఆ రోజు తట్టలేదు. ఇంజనీరు సీసాను ఐసు డబ్బాలో పెట్టి తెచ్చాడు. ముట్టుకుంటే చేయి జివ్వుమంది. చల్లగా ఉంటే చాలనుకున్నాం.

తాత మా కోసం ఇప్పచెట్టు కింద మంచం వేయించాడు. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. "నిన్న పొద్దటి నుంచి చుట్ట ముట్టలే" అని అవ్వ నాతో అంది. "ఉల్లిగడ్డ సుత తినలే. నాలుక మైల పడ్తదట." చుట్టూ పదిహేను ఇరవై మంది చేరారు.

ఇంజనీరు మూత తీస్తుంటే సీసా పట్టుకున్నది నేను. బిరడా కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంది. మెడ దగ్గర ఏదో కారి ఎండినట్టు వేళ్లకు జిగురు తగిలింది. గ్లాసులో ఒంపితే రంగు లేత గడ్డిలా లేదు. మరిగిపోయిన టీ డికాషన్‌లో నీళ్లు కలిపినట్టు ఉంది. "చూడయ్యా, బంగారం!" అన్నాడు ఇంజనీరు. నా నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. గట్టిగా చదవమన్నారు. చదివాను. రంగు గురించి రాసుకున్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి, దాన్ని వదిలేసి కింది వాక్యం చదివాను.

ఇది మరిచిపోయి చేసింది కాదు. చూసి, తెలిసి, దాటేశాను.

తాత గ్లాసు అందుకుని అలవాటుగా నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. "అయ్యో అయ్యో, ఒలకబోస్తాడేంటి!" అని ఇంజనీరు అరిచి, ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. తాత ఒక గుక్క నోట్లో పట్టాడు. కళ్లు సగం మూశాడు. ఆ చెవి ఒగ్గిన ముఖం మెల్లగా మారింది. ముక్కు పక్కన ముడతలు లేచాయి.

"థూ."

ఇంజనీరు పడీ పడీ నవ్వాడు. "ఏం తాతా, ఫ్రాన్సోడి మందునే ఉమ్మేశావా?"

"ఇది ఉడికింది," అన్నాడు తాత. "ఎండల పెట్టిండ్రు. పండు సచ్చింది దీంట్ల. రాయి లేదు, పులుపు లేదు. పిలగా, నువ్వు సదివింది ఇది కాదు."

ఇంజనీరు నా వైపు చూశాడు. "నువ్వు చెప్పవయ్యా. చదివినవాడివి."

అప్పుడు నేనన్న మాటలు నాకు బాగా గుర్తు. గుర్తు లేకపోయినా వీడియోలో ఉన్నాయి. "తాతా, నీకు తెల్వదు. ఇది కల్లు కాదు. ఈ రుచి అర్థం కావాలంటే చదువుకోవాలె." అని, ఒక గుక్క తాగి, "వెన్న, తేనె" అని తల ఊపాను. నిజానికి నా నోట్లో ఉన్నది మాడిన బెల్లం, తడిసిన అట్టపెట్టె. మింగేశాను.

జనం నవ్వారు. తాత గ్లాసును మంచం మీద పెట్టి నా వైపు చూశాడు.

"అట్లనా సారూ," అన్నాడు.

అప్పటిదాకా నేను పిలగాణ్ని. ఆ రోజు నుంచి సారునయ్యాను.

ఇంజనీరు ఆ వీడియోను, కింద నవ్వే బొమ్మలు పెట్టి, తన గ్రూపుల్లో వదిలాడు. వారంలో అది చుట్టూ తిరిగి గూడేనికే వచ్చింది. నా షాపు ముందు నిలబడి ఆటోవాళ్లు చూసేవాళ్లు. "చదువుకోవాలె" అన్న నా గొంతు ఫోనుల్లోంచి వస్తుంటే మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. అది కూడా దాచను.

తర్వాత పెళ్లిళ్ల కాలంలో గూడెంలో ఒక పెళ్లి జరిగింది. లొట్లు చాలవని పెళ్లికొడుకు స్నేహితులు రోడ్డు మీది షాపు నుంచి రెండు క్యాన్ల కల్లు తెచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. తాత క్యానులోంచి ఒక గుక్క నోట్లో పట్టి, ఎన్నడూ లేనంత దూరం ఉమ్మాడు.

"పొడి. పారబొయ్యుండ్రి."

తెచ్చినవాళ్లలో ఒకడు చేతులు కట్టుకుని నవ్వాడు. "తాతా, ఫ్రాన్సు సీసనే నీకు తెల్వలే, గిది తెలుస్తదా? వీడియో సూడలేదా మేము?"

నవ్వులు. ఎవరో నా వైపు చూశారు. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. "ఆ రోజు రంగు తేడాగా ఉంది" అంటే చాలు. విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాను. తాత ఇంకోసారి చెప్పలేదు. దొప్పను నలిపి పారేసి ఇంటికి పోయాడు. క్యాన్లు పంచారు.

అన్నాలు ముగిసేలోపే మొదలైంది. పందిట్లో, కంచె వెంబడి, వాగు దారిలో, ఎక్కడివాళ్లక్కడే వాంతులు. కల్లు, మాంసం, పసుపు కలిసిన ఆ కంపు నాకు ఇప్పటికీ పెళ్లిపందిరి చూస్తే వస్తుంది. పెళ్లికొడుకు చిన్నాన్న కళ్లు తేలేశాడు. ఆటోలో దమ్మపేట దవాఖానాకు, అక్కణ్నుంచి భద్రాచలం తీసుకుపోయారు. బతికాడు. కానీ నాలుక తిరగదు, చేయి వణుకుతుంది, దొప్ప పట్టుకోలేడు. తాతకు స్వయానా మేనల్లుడు.

ఆ తర్వాత తాత ఏ లొట్టి దగ్గరికీ లేవలేదు. పిలిచేవాళ్లు. "నా నాలుకదేమున్నదిలే" అని చుట్ట వెలిగించుకునేవాడు. గూడెం వాళ్లు చూసుకోకుండానే తాగడం మొదలుపెట్టారు. తప్పు ఆ ఒక్క షాపుదేననుకుని వేరేచోటి క్యాన్లు తెచ్చుకోవడం అలవాటైంది.

గ్రంథాలయంలో ఆ లావు పుస్తకాన్ని మళ్లీ తీశాను. నేను ఎక్కడిదాకా రాసుకున్నానో అక్కడ నా పెన్సిలు గీత ఉంది. గీత తర్వాత రెండో పేజీలోనే ఉంది: వేడి తగిలితే బిరడా పైకి లేస్తుందని, మెడ కారుతుందని, రంగు గోధుమకు తిరుగుతుందని, పండు రుచి ఉడికిపోతుందని. తాత అన్న మాటే, ఉడకడం. నేను పొగడ్తలు అయిపోగానే పుస్తకం మూసినవాణ్ని. ఆ బీరువా ముందు నిలబడి నా మీద నాకు కలిగిన రోత ఇంతా అంతా కాదు.

ఆ పేజీ రాసుకుని తాత దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద వెదురు చీలుస్తున్నాడు. చదివాను. చేయి ఆపకుండానే విన్నాడు.

"ఎన్నో పేజీల ఉన్నది సారూ?"

"నేను ఆపేసిన కాడి నుంచి రెండో పేజీ."

"ఇంకో రెండు పేజీలు సదువకపోతివి."

పెళ్లిలో నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"మంచిది ఎట్లుంటదో రాసుకున్నవు గద. అది సదువు సారూ. మొత్తం సదువు. ఇడిసిపెట్టకు."

చదివాను. లేత గడ్డి రంగు, ఆకుపచ్చ మెరుపు, పచ్చి ఆపిల్, నిమ్మ, తడిసిన రాయి, నేల కింద ఆల్చిప్పలు, తెల్లవారకముందు తీగల మధ్య మంటలు. ఆయన కళ్లు సగం మూశాడు. దవడ మెల్లగా కదిలింది. నేను ఆపాక చాలాసేపు అలాగే ఉండి, గుటక వేశాడు. నేనిచ్చినవాటిలో ఆయన మింగింది అదొక్కటే.

పోయేటప్పుడు మాత్రం "పోయిరా సారూ" అన్నాడు.

ఆ ఏటి చలికాలంలో దగ్గు మొదలై, పోయిన నెల పోయాడు.

దినం రోజు ఇప్పచెట్టు కింద లొట్లు వరసగా పెట్టారు. ఆయన దినానికి క్యాన్లు తేవద్దని అవ్వ పట్టుబట్టిందట. అన్నీ ఇళ్ల నుంచి వచ్చినవే. అందరూ నిలబడ్డారు, ఎవరూ ముట్టడం లేదు. ఇన్నాళ్లూ అడగకుండా తాగినవాళ్లకు ఆ రోజు మాత్రం ఎవరో ఒకరు చూడాలనిపించినట్టుంది. పెళ్లికి క్యాన్లు తెచ్చినవాడే ముందుకొచ్చాడు.

"సార్ చూస్తడు. సార్‌కు తెలుస్తది. వీడియోల జూడలే?"

ఎగతాళి అనుకున్నాను. కాదు. వాడు నిజంగానే అన్నాడు. మిగతావాళ్లు తలలు ఊపారు. నాకు దొప్ప ఇచ్చారు. వద్దు, నాకు తెలియదు అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను కూడా. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపులు, ఏం చెప్పను, నాకు ఇంకా ఇష్టంగానే ఉన్నాయి.

పెద్దలకని నాలుగు చుక్కలు నేల మీద వదిలాను. ఒక గుక్క నోట్లో పట్టాను. ఆయనలాగే కళ్లు సగం మూశాను. తీపి ఉంది. పులుపు ఉంది. వెనక ఇంకేదో ఉంది. పచ్చిమామిడి అని, సున్నపురాయి అని, పొగ అని నాకు తెలిసిన మాటలన్నీ వచ్చాయి. మంచిదా చెడ్డదా అన్నది మాత్రం రాలేదు. వెనకున్న ఆ రుచి కొంచెం కొంచెంగా పెరిగింది. ఇరవై జతల కళ్లు ఎదురుచూస్తుంటే ఎంతసేపని నోట్లో ఉంచుకోను.

అవ్వ గుంపులోంచి వచ్చింది. లొట్టి మీదికి వంగి ముక్కు పెట్టింది. తాగలేదు. ముక్కు పక్కన రెండు ముడతలు లేచాయి.

"లొట్టి కడగలే. అడుగున పాతది కుళ్లింది," అని లొట్టిని కంచె వైపు తోసి, నా వైపు తిరిగి నా చేయి పట్టుకుంది. "ఉమ్మెయ్ పిలగా, ఉమ్మెయ్!"

అప్పటికే మింగేశాను.